పెరటితోట: పచ్చని తెర

పూర్వము మన యిండ్ల పెరళ్లు విశాలముగా నుండెడివి. నూతిగట్టు, అంట్లు తోముకొను తావు, తులసికోట, నాలుగు అరటిచెట్లు, కరివేప మొక్క, బట్టలారవేయు దండెము, ఇవన్నియు ఆకాశమునకు తప్ప మరెవ్వరికిని కనబడకుండెడివి. ఇప్పుడట్లు కాదు. ప్రక్కనున్న పెంకుటిల్లు పడగొట్టి అయిదంతస్తుల మేడ కట్టుదురు. నాటినుండి మన పెరడు ఇరువది కిటికీలకు ఎదుట పరచిన చాప వంటిదగును. తలంటుకొని జుట్టార్చుకొనుటకును, పసిబిడ్డను ఒడిలో వేసికొని పాలిచ్చుటకును, పని ముగించుకొని ఒక్క క్షణము చేరగిలబడుటకును ఇల్లాలికి తావు లేకపోవును. గోడ యెత్తు పెంచుదమన్నచో గాలి యాగిపోవును. పురపాలక నియమములును అడ్డు రావచ్చును. రేకులు కట్టినచో వేసవిలో అవి నిప్పులు చెరుగును. కావున చెట్లనే తెరగా పెంచుకొనదలచువారు నానాటికి ఎక్కువగుచున్నారు. ఈ మాసమున ఆ విషయమును విచారింతము.

తెరచెట్టు గుణములు

తెరగా నిలువదగిన చెట్టునకు ఉండవలసిన మొదటి గుణము ఏడాది పొడవునను ఆకు కలిగియుండుట. ఇట్టి వానిని నిత్యహరిత వృక్షములందురు. ఈ మాట విని కొందరు ఆ చెట్లు ఆకు రాల్చనే రాల్చవని భావింతురు. అది సరికాదు. బూరుగు, టేకు మొదలగునవి ఆకంతయు ఒక్కమారు రాల్చి కొన్ని వారములు మోడులై నిలుచును. నిత్యహరిత వృక్షము ప్రాతయాకును కొంచెము కొంచెముగా గాని, క్రొత్తచిగురు తొడుగు వేళకు గాని రాల్చి, ఎన్నడును బోడి కాకుండును. అనగా చీపురు పట్టవలసిన పని యుండనే యుండును. తెర మాత్రము తొలగదు. చెత్త పడని చెట్టు కావలెనని కోరువారు గుడ్డతెర కట్టుకొనుట మేలు.

రెండవ గుణము, నేలకు దగ్గరనుండియే కొమ్మలు కలిగియుండుట. మామిడి నిత్యహరితమే యైనను, పెద్దదైన పిదప మనిషి యెత్తున బోదె మాత్రమే మిగులును. గొడుగగును గాని తెర కాజాలదు. మూడవది, కత్తిరింపునకు ఓర్చుకొనుట. నాల్గవది, వేళ్లు గోడలను, నీటిగొట్టములను చెరుపకుండుట. ఈ నాల్గింటికిని మించినది అయిదవది కలదు: ఆ చెట్టు ఆ నేలకు, ఆ గాలికి, ఆ వానకు తగినదై యుండవలెను. తక్కిన గుణములెన్ని యున్నను ఇది లేనిచో తక్కినవన్నియు కొద్ది యేండ్లలోనే దోషములుగా మారును. ముందు చెప్పబోవు విషయములచే ఇది మీకే తెలియగలదు.

చాటు ఎవరికి?

మొక్క కొనుటకు ముందు ఈ ప్రశ్న వేసికొనవలెను. తెర ఎచ్చట నుండవలెనో నిర్ణయించు అధికారము ఆ పెరటిలో పనిచేయునామెది. ఇంటి మగవారు తోటమాలిని పిలిచి ప్రహరీ వెంబడి నాల్గువైపులను చెట్లు నాటింతురు. ఇల్లాలికి కావలసిన మరుగు నూతివద్ద మాత్రమే కావచ్చును. చాటు వేరు, ఘోషా వేరు. తనకు వలసినపుడు తాను కోరి తీసికొనునది చాటు. ఒకరు తనపై వేయునది ఘోషా. వీధివైపంతయు మూసివేసి, ఇల్లాలు వీధినిగాని వీధి ఇల్లాలినిగాని చూడకుండ జేయు చెట్లవరుస తోట కాదు, పంజరము. పగటివేళ ఒంటరిగానుండు వృద్ధురాలు జారిపడి కేక వేసినపుడు ఆ కేక ప్రక్కింటికి చేరవలెను. గుమ్మమువద్దకు ఎవరు వచ్చుచున్నారో లోపలినుండి కనబడవలెను. కావున వీధిగుమ్మముకడ నడుమెత్తు మించని పొదలే యుండుట క్షేమము.

సూర్యుని సంగతియు ఆలోచింపవలెను. పడమటివైపు ఎత్తైన చెట్లవరుస మనకు మేలుచేయును. మాఘము దాటినది మొదలు సాయంకాలపుటెండ గోడను కాల్చకుండ ఆపును. తూర్పువైపు ఎత్తైన తెర వేసినచో ఉదయపుటెండ తులసికోటకును, పసిబిడ్డకును, తడిసిన నేలకును అందదు. దక్షిణపు తెర చలికాలమున నీడ నింటివైపు చాచును. ఏలయన ఆ కాలమున సూర్యుడు దక్షిణమునకు ఒరిగియుండును. వడియములు, అప్పడములు ఎండబెట్టుకొను తావును, బట్టల దండెమును ముందుగా గుర్తించి, వానికి ఎండ తగ్గకుండ చూచుకొని పిదపనే గోతులు త్రవ్వింపవలెను.

ఎంత యెత్తు?

ప్రక్కమేడ నలువదడుగులున్నచో చెట్లును నలువదడుగులు పెరుగవలెనని భయపడనక్కరలేదు. తెర చూచువాని దగ్గర కంటె మనకు దగ్గరగా నున్నచో తక్కువ యెత్తు చాలును. ఒక లెక్క చూడుడు. మీరు నిలుచు తావునుండి ముప్పదడుగుల దూరమున, నేలనుండి పదునైదడుగుల యెత్తున ఎదురింటివారి కిటికీ కలదనుకొందము. మీ తల అయిదడుగుల యెత్తున నుండును. సరిగా నడుమ, అనగా పదునైదడుగుల దూరమున తెర వేసినచో అది పదియడుగు లుండవలెను. మీకు ఆరడుగుల దూరముననే వేసినచో ఏడడుగులు చాలును. ఏడడుగుల కొరకు చెట్లవరుస యేల? నాలుగు రాటలు పాతి, సన్నజాజి పందిరి వేసినను పని జరుగును.

లెక్క వలదనువారు ఈ విధమున చేయవచ్చును. మీరు నూతివద్ద నిలువుడు. ఒక పిల్లవానిచేత పొడుగాటి వెదురుకర్రకు రంగుగుడ్డ కట్టించి, చెట్టు నాటదలచిన తావున నిలబెట్టింపుడు. ఎదుటి కిటికీ ఆ గుడ్డ వెనుక మరుగగువరకు కర్రను పైకెత్తింపుడు. ఆ యెత్తే మీకు కావలసిన యెత్తు. వరుస పొడవును ఇట్లే నిర్ణయింపవచ్చును. ప్రహరీ యంతటికి ఇరువది మొక్కలు కావలెననుకొన్న తావున అయిదు మొక్కలతో పని తీరుట తరచుగా జరుగును.

ఓకు చెట్టు చెప్పు పాఠము

పశ్చిమ దేశములందు తెరకొరకు పేరుగన్న చెట్లలో ఓకు ఒకటి. దీనిని సింధూరవృక్షమని కొందరు వ్రాయుదురు. ఓకు చెట్లలో పెక్కుజాతులు శీతకాలమున ఆకు రాల్చును; కొన్ని మాత్రము నిత్యహరితములు. వానిలో మధ్యధరా సముద్ర తీరములందు పుట్టినది హోమ్ ఓకు. దాని యాకు పైన ముదురాకుపచ్చగా, దళసరిగా నుండి, క్రింద బూడిదరంగు నూగు కలిగియుండును. పదునారవ శతాబ్దమున దానిని ఇంగ్లాండునకు తెచ్చిరి. సముద్రపు ఉప్పుగాలికి ఓర్చును; కత్తిరించిన కొలది దట్టమగును; తగిన స్థలమున శతాబ్దములు బ్రతుకును. వేసవి ఆరంభమున ప్రాతయాకు రాల్చి క్రొత్తయాకు తొడుగుటచే ఎన్నడును బోడి కాదు. తీరమునగల పెద్ద తోటలవారు గాలికి అడ్డుగా దీనిని వరుసలుగా నాటిరి.

ఇన్ని గుణములుగల చెట్టు ఒకచోట ఏమి చేసెనో వినుడు. ఇంగ్లాండునకు దక్షిణమున వైట్ అను ద్వీపము కలదు. అచ్చట వెంట్నర్ పట్టణమునకు పైనున్న సున్నపురాతి గుట్టలు పచ్చికకును, అరుదైన పూలకును, సీతాకోకచిలుకలకును నిలయములు. తోటలలోని హోమ్ ఓకు గింజలను జే అను పక్షులు కొనిపోయి, పిదప తినుటకై గుట్టలమీద పాతిపెట్టెను. పక్షులు మరచిన గింజలు మొలిచి, పచ్చికను కప్పివేయుచు అడవిగా వ్యాపించెను. ఎంత నరికినను లాభము లేకపోయినందున, ఆ గుట్టలను కాపాడు నేషనల్ ట్రస్టువారు 1993 లో మేకలను తెచ్చి అచ్చట విడిచిరి. తోటలో తెరగా మెప్పువడసిన చెట్టు, తావు తప్పిన పిదప మేకలచే మేయింపవలసిన చెట్టయ్యెను. తప్పు చెట్టుది కాదు. దాని స్వభావమును, ఆ నేల స్వభావమును కలిపి చూడకపోవుటయే తప్పు.

మన దేశమునను నిత్యహరితమైన ఓకు కలదు. హిమాలయములలో కుమాయూను, గఢ్వాలు ప్రాంతములవారు దానిని బాంజ్ అందురు. అచ్చటి స్త్రీలకు ఆ యాకు పశువుల మేత, ఆ పుల్ల పొయ్యిలోని కట్టె, ఆ నీడలోని నేల ఊటలను నిలుపు చెలమ. 1980 లో చమోలి జిల్లాలోని డుంగ్రీ పైంతోలీ గ్రామమున బాంజ్ వనమును నరికివేయుటకు పురుషులు సమ్మతింపగా స్త్రీలు అడ్డునిలిచి దానిని రక్షించుకొనిరి. చెట్టు యెవరి నిత్యజీవనములో కలిసియున్నదో వారికే దాని విలువ తెలియుననుటకు ఇంతకంటె తార్కాణము వలదు. ఆ చెట్టు చల్లని కొండలది. మన మైదానముల వేడికి నిలువదు. అంగళ్లలో ఓకు అను పేరుతో ఏదైన మొక్క చూపినను మన పెరటికొరకు కొనవలదు.

సముద్రములు దాటి కాపురములు చేయుచున్న తెలుగు సోదరీమణుల సంగతి వేరు. వారికి ఓకు వారి నేలచెట్టే కావచ్చును. టెక్సాసులోని డల్లాసు, ఆస్టిను ప్రాంతములందున్నవారికి లైవ్ ఓకు సహజమైన నిత్యహరిత వృక్షము. వసంతారంభమున కొద్దివారములపాటు ఆకు రాల్చును; అంతలో క్రొత్తది వచ్చును; చెట్టు చచ్చుచున్నదని భయపడవలదు. ఆ రాష్ట్రమున ఓకు చెట్లను ఎండగొట్టు శిలీంధ్రవ్యాధి యొకటి కలదు. అది గాయములపై వ్రాలు చిన్నపురుగులవలనను, ఒండొంటితో కలిసిన వేళ్ల గుండను ప్రాకును. అందుచే ఫిబ్రవరి మొదలు జూను వరకు కొమ్మలు కత్తిరింపరాదు. ఎప్పుడు కత్తిరించినను కోసినచోట వెంటనే రంగు పూయవలెను. కాలిఫోర్నియా తీరమునగల వారికి మరియొక జాతి లైవ్ ఓకు కలదు. ముదిరిన ఆ చెట్టు వేసవిలో నీరు కోరదు. బోదె దగ్గర పచ్చికనాటి దినదినము నీరు చల్లినచో వేరు కుళ్లి చచ్చును. మన యూరి అలవాటున ప్రేమతో పోసిన నీరే దానికి విషమగును. అచ్చట పెక్కు పట్టణములందు అనుమతి లేక ఓకు నరుకుటయు నేరము. ఇంగ్లాండులోని వారు హోమ్ ఓకును కుండీలో పెంచిన చిన్నమొక్కగా తెచ్చి నాటవలెను. వేళ్లను కదల్చినచో అది ఓర్వదు. పెద్దచెట్టగునది గనుక ఇంటిగోడకు దూరముగా నాటి, ఏటేట కత్తిరించి అదుపులో నుంచవలెను.

మన మైదానములకు నరమామిడి

ఓకు అచ్చట చేయు పనిని మన తావుల చేయగలది నరమామిడి. దీనినే పెక్కుమంది అశోకమందురు. సీతమ్మవారు కూర్చున్న అశోకము వేరు. అది ఎర్రని నారింజ వన్నె పూలగుత్తులు పూయును. నరమామిడి పూలు లేతాకుపచ్చగా నక్షత్రములవలె నుండి ఆకులలో కలిసిపోవును. పేరున మామిడి యున్నను దానికి మామిడితోను చుట్టరికము లేదు. అది సీతాఫలపు కుటుంబమునకు చెందినది. దక్షిణ భారతమును శ్రీలంకయు దాని పుట్టినిండ్లు. అలలవలె అంచులు వంగిన ఆ పొడుగాకును శుభకార్యములందు తోరణములుగా కట్టుట మనకు అలవాటు. శాస్త్రజ్ఞులు దీనిని చాలకాలము పాలియాల్తియా అని వ్యవహరించి, 2012 లో మోనూన్ అను వేరొక ప్రజాతిలో చేర్చిరి. అంగళ్లలో నేటికిని ప్రాతపేరే వినబడును.

ఇందు రెండు విధములు కలవు. ఒకటి కొమ్మలు చాచి నీడనిచ్చు విధము; ఇది బాటల ప్రక్క నుండదగినది. రెండవది కొమ్మలను క్రిందికి వ్రేలాడవేసి స్తంభమువలె నిటారుగా పెరుగునది. తెరకు పనికివచ్చునది ఇదియే. వెడల్పు తక్కువ గనుక ఇరుకు పెరటిలోను ఇముడును. మొక్క కొనునపుడు చిన్నకొమ్మలు క్రిందికి వాలియున్నవా యని చూచి తీసికొనవలెను. గోదావరి తీరమునగల కడియము, కడియపులంక గ్రామముల మొక్కల తోటలనుండి ఇవి రాష్ట్రమంతటికి పోవుచున్నవి. ఆరడుగుల మొక్కకంటె రెండడుగుల మొక్క మేలు. సంచిలో ఎక్కువకాలమున్న మొక్కకు వేళ్లు చుట్టలు చుట్టుకొని, నాటిన పిదప నేలలోనికి చొరవు.

గింజలతో పెంచుకొనదలచువారు వానకాలమున నల్లబడి రాలిన పండ్లను ఏరి, గుజ్జు కడిగి, ఆ గింజలను వెంటనే పాతవలెను. దాచినచో మొలక శక్తి త్వరలో నశించును. మొలచుటకు కొన్ని వారములు పట్టును, ఓపిక వహింపవలెను. గబ్బిలములు ఆ పండ్లకొరకు వచ్చి గింజలను దూరముగా పడవేయును గనుక, పండు కాచు చెట్టు పరిసరములలో ఒక్కొక్కప్పుడు మొలకలు దొరకును.

నాటు కాలము తొలకరి. మృగశిర, ఆరుద్ర కార్తెలలో నేల తడిసిన పిదప నాటినచో మొదటి వేసవి వచ్చులోపల మొక్క నిలదొక్కుకొనును. నెల్లూరు సీమలో వానలు ఆశ్వయుజ కార్తికములందే ఎక్కువ గనుక అచ్చట ఆ కాలమే తగినది. గొయ్యి రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు ఉండవలెను. త్రవ్విన మట్టిలో మూడవవంతు బాగుగా చివికిన పశువుల యెరువును, రెండు గుప్పెళ్లు వేపపిండిని కలిపి నింపవలెను. నల్లరేగడి నేలలో నీరు నిలిచినచో వేరు కుళ్లును. అట్టిచోట కొంత ఇసుక కలిపి, మొక్కను కొంచెము మెరకగా నాటవలెను. సంచిని పూర్తిగా చించి తీసివేసి, చుట్టుకొన్న వేళ్లను వ్రేళ్లతో మెల్లగా సడలింపవలెను.

మొక్కకు మొక్కకు నడుమ అయిదారడుగులును, గోడకు మొక్కకు నడుమ అయిదడుగులకు తక్కువ గాకుండను ఎడముండవలెను. దగ్గర దగ్గరగా నాటినచో త్వరలో తెర యగునని ఆశపడుదురు. మూడేండ్లు అట్లే కనబడును. పిదప ఒకదాని నీడ నొకటి క్రిందికొమ్మలు పోగొట్టుకొనును. అపుడు మీకు తెర కావలసినచోట పుల్లలు మిగులును. విద్యుత్తు తీగెల క్రింద ఎన్నడును నాటవలదు. తీగెలకొరకు మొన నరికినచో చెట్టు అందము చెడుటయే గాక, నరికినచోట బలహీనమైన కొమ్మలు గుంపుగా లేచి గాలికి విరుగును.

మొదటి రెండు వేసవులు వారమునకు రెండుమారులు పాదు నిండ నీరు పోసిన చాలును. దినదినము చెంబెడు పోయుటకంటె ఇది మేలు. పైపైన తడిపినచో వేళ్లు పైపైననే ప్రాకును. నేల లోతున తడియున్నచో వేళ్లు లోతునకు పోవును. లోతైన వేరుగల చెట్టే తుపానునకు నిలుచును. 2014 అక్టోబరు 12 న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమున అసంఖ్యాకములైన చెట్లను కూల్చివేసెను. తీరవాసులు దానిని మరువరాదు. కూలినను ఇంటికప్పుమీద పడని దూరమున నాటుట ప్రాజ్ఞలక్షణము. బియ్యము, కూరలు కడిగిన నీరు పాదునకు పనికివచ్చును, సబ్బునీరు పోయరాదు. రాలిన ఆకులను కాల్చక పాదులోనే పరచినచో తడి నిలుచును. చెదపట్టు నేలలో మాత్రము బోదెకు తగులకుండ జానెడు ఎడముంచవలెను.

ఇట్లు సాకినచో ఏటికి రెండు మూడడుగులు పెరుగును. కోరిన యెత్తు వచ్చువరకు మొన త్రుంచవలదు. క్రిందికొమ్మలు ఊడ్చుటకు అడ్డమని కొట్టివేయవలదు. అవియే మీ తెర. ఒక్కొక్కప్పుడు ఆకులపై పచ్చని గొంగళ్లు కనబడును. అవి నల్లని రెక్కలపై ఆకుపచ్చ చుక్కలుగల సీతాకోకచిలుక పిల్లలు. చెట్టునకు పెద్దహాని చేయవు. మందు చల్లవలదు; పిల్లలకు చూపుడు.

తీరమునకు, చిన్న పెరటికి

సముద్రతీరమునకు దగ్గరనున్నవారికి పొన్న మేలు. దాని దళసరి మెరుగాకు ఉప్పుగాలిని సహించును. విశాలమైన స్థలమున్నవారు పొగడను తలచవచ్చును. అది మెల్లగా పెరుగును గాని దట్టముగా పెరుగును. రాలిన పూలు ఎండినను పరిమళము వీడవు. మన బిడ్డలు దండలు గ్రుచ్చుకొనుటకు ఇప్పుడు నాటవలసిన చెట్టు అది. అంత స్థలము లేనివారికి గోరింట కంచె చాలును. కొమ్మలు నాటినను బ్రతుకును. కత్తిరించిన కొలది గుబురగును. ఆషాఢమున ఇరుగుపొరుగు ఆడపిల్లలందరు మీ పెరటికే వత్తురు. గన్నేరు పూలకు ఆశపడి దానిని కంచెగా వేయువారు కలరు. దాని ఆకు, పూవు, కొమ్మ, సమస్తమును విషము. పసిబిడ్డలును పశువులును తిరుగు తావున అది తగదు.

తొందర తెచ్చు చేటు

కొన్ని యేండ్లక్రిందట కోనోకార్పస్ అను చెట్టు మన పట్టణములందంతటను వెలసెను. నీరు తక్కువైనను పెరుగును, పశువు ముట్టదు, ఏడాదిలో గోడయెత్తు దాటునని దానిని బాటల నడుమను, ఇండ్ల ప్రహరీల వెంబడియు వరుసలుగా నాటిరి. అది మన నేలది కాదు. దాని వేళ్లు నీటిగొట్టములలోను, మురుగుకాలువలలోను చొరబడుచున్నవనియు, పుప్పొడి ఊపిరికి హాని చేయుననియు ఫిర్యాదులు రాగా, గుజరాతు ప్రభుత్వము 2023 లోను, తమిళనాడు ప్రభుత్వము 2025 లోను దానిని నాటుటను నిషేధించెను. ఏడాదిలో తెర కావలెనన్న తొందరకు వెల ఇట్లు చెల్లింపవలసివచ్చెను.

అట్లని అయిదేండ్లు కిటికీల యెదుట వేచియుండుడని నేను చెప్పను. తెరచెట్లు పెరుగునందాక అవిసె నాటుకొనుడు. ఒక్కయేడాదిలో మనిషికి రెండింతల యెత్తు లేచును. తమలపాకు తోటలలో తీగకు ఊతగా మనవారు దానిని పెంచుట మీరెరుగుదురు. ఆకును పూవును కూరకు వచ్చును. నరమామిడి వరుసకు ముందు నాలుగడుగుల యెడమున వేసి, మూడు నాలుగేండ్లకు తీసివేయవలెను. దడికట్టి బీర, ఆనప, చిక్కుడు ప్రాకించినను తాత్కాలికముగా మరుగు కలుగును, కూరయు దొరకును. నేల లేక అంతస్తుల యిండ్లలో నుండువారు వసారా కటకటాలకు శంఖుపూల తీగను ప్రాకించి, పెద్దకుండీలలో గోరింటయు కరివేపయు పెంచుకొనవచ్చును.

ఇరుగుపొరుగు

తెర వేయుటకు ముందు పొరుగింటి ఇల్లాలితో ఒకమాట చెప్పుట మంచిది. ఆమె కిటికీకి వచ్చుచున్న గాలి మన చెట్టుచే ఆగవచ్చును. మన ఆకు ఆమె మేడపై పడవచ్చును. చెప్పి నాటిన చెట్టు తగవు తేదు. ఒక్కొక్కప్పుడు ఆమెయే తన కిటికీకి తెర వ్రేలాడగట్టుటతో మీ పని సగము తీరును. ఆమెకును మీ పెరటివైపు నుండి మరుగు కావలసియుండవచ్చును.

చెట్ల మొదళ్లవద్ద పాతసామాను, కట్టెలు, ఇటుకలు పోగువేయరాదు. పాములు, తేళ్లు చేరును. నీరు నిలిచినచో దోమలు పుట్టును. పెద్దదైన పిదప తీసివేయుదములే యని అజాగ్రత్తగా నాటవలదు. ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల చట్టము 2002 లో వచ్చినది. తెలంగాణమునను అదే చట్టము అమలులోనికి వచ్చినది. దానినిబట్టి చెట్టు నరుకుటకు అనుమతి పొందవలెను. నాటుట ఒక్కపూట పని. తప్పుగా నాటిన చెట్టును తొలగించుట ఏండ్ల తగవు.

కావున సోదరీమణులారా, ఈ వారముననే ఒకనాడు తీరికచేసికొని పెరటిలో నిలువుడు. ఏ కిటికీ మిమ్ము బాధించుచున్నదో, ఏ వేళ బాధించుచున్నదో చూడుడు. వెదురుకర్ర నిలబెట్టి యెత్తు కొలుచుకొనుడు. ఎండ ఎటునుండి వచ్చుచున్నదో గుర్తింపుడు. మీ యూరిలో ఏండ్లతరబడి ఎవరును నీరు పోయకున్నను పచ్చగానున్న చెట్టేదో, గుడివద్దను బడివద్దను విచారింపుడు. ఆ చెట్టు పిల్లయే మీ పెరటికి తగిన మొక్క. తొలకరి వానకు దానిని నాటుడు.

వచ్చు మాసమున పందిళ్లపై ప్రాకు పూలతీగెలను గూర్చి ముచ్చటింతము.